పెట్టె అడుగున తేదీ చూడకుండా అమ్మాను

మన దుకాణంలో రోజువారీ వైట్ వైన్ కొనే అందరికీ,

గత రెండు నెలల్లో 3 లీటర్ల బాక్స్ వైన్ (అట్టపెట్టెలో సంచితో, కుళాయితో వచ్చేది) తీసుకెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగొచ్చి, ఈసారి రుచి లేదన్నారు. మొదటి ఇద్దరికీ నేనిచ్చిన జవాబు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తోంది. "ఫ్రిజ్‌లో సరిగ్గా పెట్టి ఉండరు" అనేశాను. మూడోసారి వచ్చింది ఒక పెద్దావిడ. పెట్టె మోసుకొచ్చి కౌంటర్ మీద పెట్టి, "పాడైపోయిందని అనను బాబూ. పుల్లగా లేదు, తియ్యగా లేదు, అసలు దేనిలాగానూ లేదు. నువ్వే తాగి చూడు" అన్నారు.

గ్లాసులో పోశాను. లేత గడ్డి రంగులో ఉండాల్సిన వైన్ ముదురు పసుపులోకి దిగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కోసి బయట వదిలేసిన ఆపిల్ ముక్క వాసన. పెట్టె తిరగేసి చూస్తే, నింపి 13 నెలలైంది.

తప్పు నాది. సప్లయర్ ఒకేసారి ఎక్కువ సరుకు తీసుకుంటే తగ్గిస్తానన్నాడు. చవగ్గా వస్తోంది కదా అని సంబరపడి తీసుకున్నాను, ఎందుకు తగ్గిస్తున్నాడని అడగలేదు. పైగా ఆ పెట్టెలన్నీ వెనకగదిలో, మధ్యాహ్నమంతా ఎండ పడే గోడకు ఆనించి పేర్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు థర్మామీటర్ తగిలించాను.

ఇందులో ఒక సంగతి మీకూ పనికొస్తుంది. పెట్టె లోపల ఉండేది పొరలు పొరలుగా అతికిన ప్లాస్టిక్ సంచి. వైన్ రుచిని చంపేది గాలే. గాజులోంచి గాలి దూరదు. ప్లాస్టిక్ సంచిలోంచి చాలా నెమ్మదిగానైనా దూరుతుంది, వేడి పెరిగితే ఇంకా వేగంగా దూరుతుంది. అందుకే తెరవకపోయినా బాక్స్ వైన్‌ను నింపిన రోజు నుంచి ఏడాది లోపే తాగెయ్యాలి. నన్నడిగితే 8, 9 నెలలకే హద్దు గీస్తాను. వైన్ అంటే ఎన్నాళ్ళు దాస్తే అంత మంచిదని మనకో నమ్మకం ఉంది. పెట్టెలోదాన్ని మాత్రం పాల ప్యాకెట్ కొన్నట్టే కొనాలి: ముందు తేదీ, తర్వాతే పేరు.

తమాషా ఏమిటంటే, తెరిచాక లెక్క తిరగబడుతుంది. సీసా తెరిస్తే, పోసినంత మేరా లోపలికి గాలి వచ్చి చేరుతుంది. ఎంత గట్టిగా మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టినా 3 నుంచి 5 రోజుల్లో వైన్ చప్పబడుతుంది. పెట్టెలో అయితే వైన్ దిగేకొద్దీ సంచి ముడుచుకుపోతుంది, గాలికి చోటే ఉండదు. ఫ్రిజ్‌లో 4 వారాలు నిక్షేపంగా ఉంటుంది, 6 వారాలు నిలిచినవీ ఉన్నాయి. ఒక్కరే ఉండి, రాత్రి ఒక గ్లాసుతో సరిపెట్టుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలీదు.

ఈ మాట అంటున్న నేనే ఒకప్పుడు పెట్టెలను దుకాణంలోకి రానివ్వలేదు. "అట్టపెట్టెలో పోసేది ఏం వైన్ లెండి" అని కౌంటర్ దగ్గర నవ్విన రోజులున్నాయి. ఆ చిన్నచూపుకు కొంత చరిత్ర కూడా తోడైందనుకోండి. ఈ సంచీ పెట్టె పుట్టింది వైన్ కోసం కాదు. 1955లో అమెరికాలో విలియం షోల్ అనే ఆయన బ్యాటరీ యాసిడ్ రవాణా కోసం తయారుచేశాడు. దాన్ని వైన్‌కు మళ్ళించింది ఆస్ట్రేలియా వైన్ తయారీదారు థామస్ అంగోవ్. 1965లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో సంచి మూల కత్తిరించి, పోసుకుని, క్లిప్ లాంటిది బిగించాల్సి వచ్చేది. గాలి చొరబడని ప్లాస్టిక్ కుళాయి 1967లో వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు కంపెనీలు అందులో నాసిరకమే నింపాయి, కాబట్టి పేరు చెడింది. చెడగొట్టింది లోపలి సరుకు, పెట్టె కాదు.

నా కళ్ళు తెరిపించింది మా తమ్ముడు. ఒకరోజు దుకాణం కట్టేశాక నాకు కనపడకుండా రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చాడు. ఏది బావుందంటే కుడిచేతిలోది అన్నాను, ఎందుకు బావుందో ఓ చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. వాడు వంగి కౌంటర్ కిందనుంచి అట్టపెట్టె తీసి చూపించాడు. పైన పటారం, లోన లొటారం అనే సామెత సీసాలకు సరిగ్గా అతుకుతుందని ఆ రాత్రి తెలిసింది. ఖాళీ సీసానే సుమారు అర కిలో బరువుంటుంది. ఒక పెట్టెలో పట్టే వైన్‌కు అలాంటివి 4 కావాలి. ఆ గాజుకీ, రవాణాకీ, బంగారు రంగు లేబుల్‌కీ కట్టేది మనమే.

అయితే ప్రతి వైట్ వైన్ పెట్టెకు పనికిరాదు. ఏళ్ళ తరబడి దాచి తాగేవి సీసాల్లోనే ఉండాలి. పెట్టెకు సరిపోయేవి స్టీల్ ట్యాంకుల్లో తయారై, లేతగా ఉన్నప్పుడే తాగాల్సినవి. నాకు బాగా నచ్చింది దక్షిణాఫ్రికా షెనిన్ బ్లాంక్. ఈ ద్రాక్ష ఫ్రాన్స్‌లోని లువార్‌ది, కానీ ప్రపంచంలో ఎక్కడా లేనంత విస్తీర్ణంలో దక్షిణాఫ్రికాలో పండుతోంది. తోటలు ఎక్కువ, పేరుకు గ్లామర్ తక్కువ. అందుకే ధరకు మించిన నాణ్యత దొరుకుతుంది. రెండోది నైరుతి ఫ్రాన్స్ నుంచి వచ్చే కోత్ ద గాస్కోన్. కొలొంబార్, ఉన్యి బ్లాంక్ ద్రాక్షలు కలిపి చేస్తారు. ఈ ద్రాక్షను ఒకప్పుడు అక్కడ ఎక్కువగా బ్రాందీ బట్టీకి పంపేవాళ్ళు. నిమ్మతొక్క వాసన, చురుక్కుమనే పులుపు, గ్లాసు ఖాళీ అయ్యాకే గుర్తొస్తుంది ఎంత తాగామో.

ఆ తాగడం గురించే ఒక మాట. సీసా అయితే ఎంత తగ్గిందో కంటికి కనిపిస్తుంది, పెట్టె అయితే తెలీదు. 150 మిల్లీలీటర్ల చొప్పున 20 గ్లాసులు రావాలి. ఇరవై రోజులు వస్తుందనుకున్నది పది రోజుల్లో అయిపోతే, కొలత ఎక్కడ తప్పుతోందో చూసుకోండి. అమ్మేవాణ్ణే అయినా చెప్పక తప్పదు.

సీసాల్లో చవకైనవి కావాలంటే మస్కడే అనే వైన్ అడగండి. లువార్ నది సముద్రంలో కలిసే వైపు తోటలవి. లేబుల్ మీద 'సుర్ లీ' అని ఉన్నది తీసుకోండి. శీతాకాలమంతా అడుగున చేరిన ఈస్ట్ మడ్డి మీదే ఉంచారని అర్థం, దాంతో వైన్‌కు కాస్త చిక్కదనం వస్తుంది. ఆస్ట్రియా గ్రూనర్ వెల్ట్‌లీనర్‌లో చవక రకం లీటర్ సీసాలో, సోడా మూతతో కూడా వస్తుంది. ఆ మూత చూసి వెనక్కి పెట్టేసేవాళ్ళను రోజూ చూస్తున్నాను. బిరడా వల్ల వచ్చే తడి అట్ట వాసన గొడవే ఉండదు, అది లాభం కాదా? పోర్చుగల్ విన్యో వెర్దె గురించి నిజం చెప్పాలి: నాలుక మీద ఆ చిన్న చిటపట చాలా సీసాల్లో సహజంగా వచ్చింది కాదు, గ్యాస్ ఎక్కిస్తారు. అయినా నాకిష్టమే.

రెండు రకాల్లో కొన్ని సీసాలు అరలోంచి తీసేస్తున్నాను. ఒకటి, మూడు బ్రాండ్లుగా ఉన్న పినో గ్రిజియో ఇక ఒక్కటే ఉంటుంది. మిగతా రెండూ చల్లటి నీళ్ళకు వరసకు బంధువులు. రెండోది, వెనీలా ఘుమఘుమలాడే ఆ చవక షార్డొనే. ఆ వాసన ఓక్ చెక్క నుంచి వస్తుంది. 225 లీటర్ల కొత్త ఓక్ పీపా ఖరీదు 300 సీసాల మీదే పడుతుంది. అంత ఖర్చు ఆ ధరలో ఎలా ఇముడుతుంది? అందుకే పీపాకు బదులు ఓక్ చెక్క ముక్కలు ట్యాంకులో నానబెడతారు. తప్పేం కాదు, కానీ రెండో గ్లాసుకు మొహం మొత్తుతుంది. అభిమానులకు క్షమాపణలు, ఆర్డర్ మీద తెప్పిస్తాను.

ఇక పెట్టె తెరిచే పద్ధతి. ముందువైపు చిల్లులు కొట్టిన అట్టను వేలితో లోపలికి నొక్కి చించండి. కుళాయి మెడ పట్టుకుని బయటికి లాగి, ఆ మెడ గాడిలో అట్టను మళ్ళీ బిగించండి, లేకపోతే నొక్కినప్పుడల్లా కుళాయి లోపలికి జారిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వైన్ మరీ చల్లగా ఉండి వాసన రాదు. గ్లాసులో పోశాక ఓ 15 నిమిషాలు ఆగండి. ఆఖర్న కుళాయి బొట్టు బొట్టుగా వస్తుంటే అయిపోయిందనుకోకండి. అట్ట చింపి సంచి బయటికి తీసి పిండితే ఇంకో గ్లాసు వస్తుంది. ఈ మాట ఆలస్యంగా తెలిసి ఎన్ని గ్లాసులు చెత్తబుట్టలో వేశానో లెక్కలేదు.

పాత సరుకు మొత్తం పారబోశాను. కొత్త పెట్టెలు ముందు గదిలో, చల్లటి మూల ఉంటాయి. నింపిన తేదీ అడుగున కాకుండా ముందువైపు, నా చేత్తో పెద్ద అంకెలతో రాసి ఉంటుంది. 9 నెలలు దాటితే అరలో ఉండదు. ఒక పెట్టె ఎప్పుడూ కౌంటర్ మీద తెరిచి ఉంటుంది. రుచి చూశాకే కొనండి, నచ్చకపోతే మొహమాటపడకండి.

మీ ఇంట్లో ఆ పాత పెట్టె ఇంకా ఉంటే, సగం తాగేసినా సరే, పట్టుకురండి. బిల్లు అక్కర్లేదు. కొత్తది ఇస్తాను. "ఫ్రిజ్‌లో సరిగ్గా పెట్టలేదు" అని నా చేత అనిపించుకున్న ఆ ఇద్దరూ ముందుగా రావాలని కోరుతున్నాను. పెద్దావిడ నిన్ననే వచ్చి మార్చుకెళ్ళారు. నమస్కారం పెట్టబోతుంటే ఆగమని సైగ చేసి, ముందు పెట్టె తిరగేసి, నేను రాసిన అంకెలూ అడుగున అంకెలూ ఒకటేనా కాదా అని చూసుకున్నారు.