గడువుకు ముందు పడిన సంతకమే క్లబ్‌కు ఆస్తి

సంపాదకులకు నమస్కారాలు.

యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బులు యువ ఆటగాళ్లతో ఎనిమిదేళ్లకు, తొమ్మిదేళ్లకు, ఒక్కోసారి పదేళ్లకు ఒప్పందాలు కుదుర్చుకోవడాన్ని దుబారాగా, డబ్బు మదంగా చూపే వ్యాఖ్యలు మన క్రీడా పేజీల్లో తరచుగా కనిపిస్తున్నాయి. ముప్పయ్యేళ్లకు పైగా ఒక కర్మాగారం ఖాతాల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిగా, అంతకంటే ఎక్కువ కాలంగా ఈ ఆటను ప్రేమిస్తున్నవాడిగా ఆ అభిప్రాయంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆటగాడు క్లబ్ సొత్తు కాడు, కాకూడదు. అతని ఒప్పందంలో ఇంకా మిగిలి ఉన్న ఏళ్లు మాత్రమే క్లబ్ సొత్తు. ఆ ఏళ్లు కరుగుతున్నకొద్దీ దాని విలువా కరుగుతుంది, గడువు తీరిన రోజున ఏమీ మిగలదు. దీర్ఘకాలిక ఒప్పందాన్ని ఈ కోణంలోంచి చూడాలని నా విన్నపం.

దీనికి మూలం 1995 డిసెంబరు 15న యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు. అంతకుముందు ఒప్పందం ముగిసిపోయిన ఆటగాడిని సైతం కొత్త క్లబ్ నుంచి బదిలీ రుసుము చేతికందితే తప్ప వదలబోమని క్లబ్బులు పట్టుబట్టగలిగేవి. బెల్జియంలోని లియేజ్ నగర క్లబ్‌కు ఆడిన జాన్ మార్క్ బోస్మన్ 1990లో గడువు తీరాక ఫ్రాన్స్‌లోని డంకర్క్ జట్టుకు వెళ్లబోతే అతనికి ఎదురైంది అదే. ఐదేళ్లు కోర్టుల్లో పోరాడి అతను గెలిచాడు కానీ, ఆటగాడిగా తన మంచి వయసును ఆ పోరాటంలోనే పోగొట్టుకున్నాడు. యూరప్ ఆటగాళ్లందరూ అతనికి రుణపడి ఉన్నారని మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఆ తీర్పు తర్వాత గడువు తీరిన ఆటగాడు పైసా రుసుము లేకుండా వెళ్లిపోవచ్చు. ఫిఫా నిబంధనల ప్రకారం చివరి ఆరు నెలల్లోనే వేరే క్లబ్‌తో సంతకం చేసుకోవచ్చు కూడా. కాబట్టి బేరంలో క్లబ్‌కు పట్టు ఉండాలంటే గడువు దగ్గరపడకముందే కొత్త సంతకం పడాలి, అంతకు మించిన దారి లేదు.

ఈ విషయాన్ని స్పెయిన్‌లోని అథ్లెటిక్ బిల్బావో క్లబ్ చరిత్ర అర్థమయ్యేలా చెప్పినట్టు మరే క్లబ్ చరిత్రా చెప్పదు. బాస్క్ ప్రాంతంలో పుట్టినవారు లేదా అక్కడ ఆట నేర్చుకున్నవారు తప్ప మరొకరు ఆ చొక్కా వేసుకోరాదన్న కట్టుబాటును ఆ క్లబ్ నేటికీ పాటిస్తోంది. అయినా 1929లో స్పెయిన్ లీగ్ మొదలైనప్పటి నుంచి ఒక్కసారీ కింది శ్రేణికి జారని మూడే మూడు క్లబ్బుల్లో అదొకటి. మిగతా రెండు రియల్ మాడ్రిడ్, బార్సిలోనా. మంచి ఆటగాడు వెళ్లిపోతే మిగతా క్లబ్బులు ప్రపంచమంతా గాలించి ఇంకొకరిని తెచ్చుకుంటాయి. బిల్బావోకు ఆ వెసులుబాటు లేదు. లెజామాలోని తన అకాడమీ నుంచి మరో కుర్రాడు ఎదిగి వచ్చేదాకా ఎదురుచూడాల్సిందే.

గోల్‌కీపర్ కెపా అరిజబలాగా ఉదంతం చూడండి. చిన్నతనంలోనే లెజామాలో చేరి మొదటి జట్టు దాకా ఎదిగిన ఆ యువకుడి ఒప్పందం 2018 జూన్‌తో ముగియనుంది. ఆ జనవరిలో అతను రియల్ మాడ్రిడ్‌కు వెళ్లడం దాదాపు ఖాయమని అందరూ అనుకున్నారు. అతని విడుదల మొత్తం, అంటే గడువుకు ముందే వెళ్లాలంటే క్లబ్‌కు కట్టాల్సిన పరిహారం, 2 కోట్ల యూరోలు మాత్రమే. వేసవి దాకా ఓపిక పట్టినవారికి అదీ ఖర్చు కాదు. మాడ్రిడ్ వెనక్కు తగ్గింది. అదే నెలలో కెపా 2025 వరకు వర్తించే కొత్త ఒప్పందంపై సంతకం చేశాడు. విడుదల మొత్తం 8 కోట్ల యూరోలైంది. ఆగస్టులో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ ఆ మొత్తాన్ని పూర్తిగా చెల్లించి అతన్ని తీసుకుపోయింది. అప్పటికి ప్రపంచంలో ఏ గోల్‌కీపర్‌కూ అంత ధర పలకలేదు. ఏడు నెలల్లో అతని చేతులు మారలేదు, ఎత్తు పెరగలేదు, ఆట నాలుగింతలు మెరుగుపడలేదు. కాగితం మీద గడువు ఒక్కటే మారింది. స్పెయిన్‌లో 1985 నాటి ఉత్తర్వు ప్రకారం క్రీడాకారుడు పరిహారం చెల్లించి ఒప్పందంలోంచి తనంతట తాను బయటపడవచ్చు కనుక, అక్కడ దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఆ మొత్తాన్ని ముందే రాసుకుంటారు. గడువు ఎంత దూరంలో ఉంటే ఆ అంకెకు అంత బలం.

అదే క్లబ్‌లో దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2010లో ప్రపంచ కప్ గెలిచిన స్పెయిన్ జట్టు సభ్యుడు ఫెర్నాండో ల్యోరెంటే కూడా లెజామా బిడ్డే. 2012లో పొడిగింపుకు అతను ఒప్పుకోలేదు. మరుసటి వేసవిలో గడువు తీరగానే ఇటలీ క్లబ్ జువెంటస్‌కు వెళ్లిపోయాడు, బిల్బావోకు ఒక్క యూరో కూడా రాలేదు. అతన్ని నేను తప్పుపట్టను, అది అతని హక్కు. పిల్లవాడిగా చేర్చుకుని, తీర్చిదిద్ది, ప్రపంచ విజేతను చేసిన ఊరికి అందులో చిల్లిగవ్వ దక్కకపోవడం మాత్రం బాధ కలిగిస్తుంది. ఈ అనుభవాలన్నీ తెలిసిన క్లబ్ కాబట్టే 2019లో ఇన్యాకీ విలియమ్స్‌తో తొమ్మిదేళ్ల ఒప్పందం చేసుకుంది. అతని తమ్ముడు నీకో విలియమ్స్ 2024 యూరో కప్ ఫైనల్లో ఇంగ్లండ్‌పై తొలి గోల్ కొట్టాక అతను బార్సిలోనాకు వెళ్తాడన్న వార్తలు రెండు వేసవుల పాటు ఆగలేదు. చివరికి 2025 జులైలో అతను 2035 వరకు బిల్బావోలోనే ఉండేందుకు సంతకం చేశాడు. విడుదల మొత్తాన్ని 50 శాతానికి పైగా పెంచినట్టు క్లబ్ ప్రకటించింది. రేపు అతను వెళ్లిపోయినా ఆ ఊరు వట్టి చేతులతో నిలబడదు. దీన్ని దుబారా అని ఎలా అనగలం?

లివర్‌పూల్ సంగతి ఇటీవలిదే. ఆ ఊళ్లోనే పుట్టి, ఆరేళ్ల వయసులో అకాడమీలో చేరిన ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నల్డ్ 2021లో నాలుగేళ్ల ఒప్పందం చేసుకున్నాడు. ఆ తర్వాత కొత్త సంతకం పడకుండానే కాలం గడిచిపోయింది. అతను క్లబ్ వీడుతున్నట్టు తెలిశాక, 2025 మే 11న ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో అతను మైదానంలోకి దిగినప్పుడు సొంత ప్రేక్షకులే ఎగతాళి కేకలు వేశారు. రాత్రి నిద్ర మానుకుని టీవీ ముందు కూర్చున్న నాకు ఆ కేకలు చెవుల్లో చాలాసేపు మోగాయి. ఆ వేసవిలో క్లబ్ ప్రపంచ కప్ ఆడించుకోవడానికి గడువుకు నెల ముందే కావాలని రియల్ మాడ్రిడ్ కొద్దిపాటి మొత్తం ఇచ్చింది. అదైనా దక్కింది. ఆ కేకలు వినాల్సింది ఆటగాడు కాదని నా అభిప్రాయం. ఇంకా రెండేళ్లు మిగిలి ఉన్న 2023లో పొడిగింపు కుదుర్చుకోలేకపోయిన కార్యాలయానిదే ప్రధాన బాధ్యత.

ఇక లెక్కల సంగతి. చెల్సీ 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్‌ను 10.68 కోట్ల పౌండ్లకు కొని, 2031 వరకు ఒప్పందం చేసుకుంది. కొనుగోలు ఖర్చును ఖాతాల్లో ఒప్పందం ఏళ్లన్నిటికీ సమానంగా పంచి రాస్తారు. ఆ ఖర్చును ఐదేళ్లకు పంచితే ఏడాదికి సుమారు 2.14 కోట్లు పడుతుంది, ఎనిమిదిన్నరేళ్లకు పంచితే 1.26 కోట్లే. ఇది పద్దులు సర్దుకునే ఎత్తుగడ అన్న విమర్శ సరైనదే. అందుకే అదే ఏడాది యూరప్ సమాఖ్య యూఈఎఫ్ఏ, ఆ తర్వాత ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఈ పంపకాన్ని ఐదేళ్లకు పరిమితం చేశాయి. అయితే దీర్ఘకాలిక ఒప్పందమంటే ఈ ఎత్తుగడ ఒక్కటే అనుకోవడం దగ్గరే మన వ్యాఖ్యాతలు పొరబడుతున్నారు. అకాడమీలో పెరిగిన నీకో విలియమ్స్ లాంటి ఆటగాడికి కొనుగోలు ధర అంటూ ఏదీ లేదు, కాబట్టి పుస్తకాల్లో పంచడానికీ ఏమీ ఉండదు. ఆస్తుల పట్టికలో అతని పేరు ఎదుట దాదాపు ఖాళీ ఉంటుంది. అమ్మిన రోజున వచ్చే సొమ్ము మొత్తం లాభంగా నమోదవుతుంది. ఖాతాల పుస్తకం చూపించలేని ఆస్తి ఇది, దాన్ని కాపాడేది గడువు తేదీ.

నష్టం లేదని నేను అనను. బిల్బావోకు 8 కోట్లు తెచ్చిపెట్టిన కెపానే చెల్సీకి ఏడేళ్ల ఒప్పందంతో గుదిబండ అయ్యాడు. తొలి జట్టులో చోటు పోయి, అరువు మీద ఇతర క్లబ్బులకు తిరిగి, 2025లో సుమారు 50 లక్షల పౌండ్లకే ఆర్సెనల్‌కు వెళ్లాడు. 2017లో అట్లెటికో మాడ్రిడ్ సావుల్ నీగెజ్‌తో తొమ్మిదేళ్ల ఒప్పందం చేసుకుంటే, కొన్నేళ్లకే అతని ఆట మసకబారింది. కాబట్టి తాము పెంచిన, తమకు బాగా తెలిసిన కుర్రాడికి పదేళ్లు ఇవ్వడం వేరు, నిన్నగాక మొన్న పరాయి లీగ్‌లో చూసినవాడికి పదేళ్లు ఇవ్వడం వేరు.

ఇంకొక్క మాట. జీతం సమయానికి ఇవ్వని క్లబ్‌కు ఎంత పొడవైన ఒప్పందమూ అక్కరకు రాదు. రెండు నెలల జీతం బకాయి పడితే, పదిహేను రోజుల నోటీసు ఇచ్చి ఆటగాడు న్యాయంగా ఒప్పందం రద్దు చేసుకోవచ్చని ఫిఫా నిబంధన చెబుతోంది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, జీతాల వివాదాలతో 2023-24లో ఆటగాళ్లను సీజన్ మధ్యలోనే పోగొట్టుకుని పట్టికలో అట్టడుగున నిలిచింది. ఇదే నగరంలో సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన రోజుల్లో ఆటగాడికి నెలనెలా జీతమొచ్చే పోలీసు కొలువే ఒప్పందం. నాలుగు కాలాలు ఒకే జట్టుగా ఆడడానికి ఆ నిశ్చింత ఎంతో తోడ్పడిందని నేను నమ్ముతాను.

మీ క్రీడా విభాగానికి ఒక మనవి. ఆటగాడి బదిలీ వార్త వేసినప్పుడల్లా ధర పక్కనే, పాత క్లబ్‌తో అతని ఒప్పందం ఎన్నేళ్లు మిగిలి ఉందో కూడా దయచేసి ప్రచురించండి. ఆ అంకె పక్కన ఉంటే, ఎవరు లాభానికి అమ్మారో, ఎవరు గత్యంతరం లేక వదులుకున్నారో పాఠకులు తామే పోల్చుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్