చేప పడితే సరా, పైకి తీయొద్దా?

సంపాదకునికి,

ప్రజలు గాలం వేసే జెట్టీలన్నిటి మీదా, పడ్డ చేపను పైకి తీయడానికి తాడు కట్టిన గుండ్రటి వల ఒకటి ఉంచాలి. నీళ్లలో ఉన్నంతసేపూ చేప బరువు దారానికి పెద్దగా తెలియదు. గాలిలోకి లేవగానే పూర్తి బరువుతో పాటు అది కొట్టుకునే కుదుపూ దారం మీదే పడుతుంది. అందుకే ఐదు కిలోల బరువుకు ఆగాల్సిన దారం మూడు కిలోల చేపకే ముడి దగ్గర పుటుక్కుమంటుంది. లేదా పెదవి చీరుకుని చేప జారిపోతుంది. నోట్లో గాలంతో పడిపోయిన ఆ మూగజీవానికి నరకమే.

వల ఖరీదైనదేం కాదు. దాదాపు 80 సెంటీమీటర్ల ఇనుప వలయం, దానికి సమదూరంలో నాలుగు తాళ్లు, అడుగున కొంచెం బరువు ఉంటే చాలు. బరువు లేకపోతే ప్రవాహానికి వల తేలి పక్కకు పోతుంది. తాడు మాత్రం ఆటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, నీటిమట్టం దాకా అంది, మరో రెండు మీటర్లు మిగలాలి.

చేప అలిసి పక్కకు ఒరిగాకే వల దించాలి. వలను ముందే నీటిలో ముంచి, చేపను దాని మీదికి నడిపించాలి. వలతో చేపను తరిమితే అది బెదిరి జెట్టీ స్తంభాల చుట్టూ తిరుగుతుంది. వాటికి అంటుకున్న గుల్లలు బ్లేడులాంటివి, దారం తగిలిందంటే తెగినట్టే.

తెగిన దారం వేయడానికి మూత ఉన్న గొట్టం కూడా పెట్టించండి. రెయిలింగుకు వేలాడే దారంలో పక్షుల కాళ్లు చిక్కుకుంటున్నాయి.

– కొందరు గాలపు వేటగాళ్లు