వాయిద్యకారుల ఫిర్యాదులతో ఎదిగిన మార్షల్

సంపాదకులకు నమస్కారం.

చేతిపనుల మీద బతికే కుటుంబాల గురించి మీ పత్రికలో వచ్చే వ్యాసాలను నేను శ్రద్ధగా చదువుతుంటాను. రుణాలు, రాయితీలు, అమ్మకపు సౌకర్యాల గురించి వాటిలో రాసేవన్నీ అవసరమైన మాటలే. అయితే సంగీత వాయిద్యాల విషయంలో వీటికంటే ముందు చెప్పుకోవలసిన సంగతి, అంటే వాయించేవారి ఇబ్బంది తయారుచేసేవారికి చేరడమనేది, ఒకటి ఉందని, మైకు సెట్లు బాగుచేసే ఇంట్లో పుట్టి కొన్నేళ్లు ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించిన నాకు చాలాకాలంగా అనిపిస్తోంది. ఇంగ్లండ్‌లో ఒక కుటుంబ సంస్థ ఎదిగిన తీరు చెబితే ఆ సంగతి స్పష్టంగా తెలుస్తుంది.

హెడ్‌ఫోన్ల మీద, బ్లూటూత్ స్పీకర్ల మీద వంపుల అక్షరాలతో ‘మార్షల్’ అన్న పేరు చూసి, అది సెల్‌ఫోన్ల కాలంలో పుట్టిన కంపెనీ అని మన పిల్లలు అనుకుంటున్నారు. నిజానికి అది జిమ్ మార్షల్ అనే డ్రమ్ములు నేర్పే మాస్టారు 1960లో పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో తెరిచిన దుకాణం పేరు. ఎముకల క్షయతో చిన్నతనంలో ఏళ్ల తరబడి ప్లాస్టర్ కట్టులో గడిపిన ఆయనకు బడి చదువు పెద్దగా సాగలేదు. డ్రమ్ము పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఆ దుకాణం పెట్టారు. అక్కడికి డ్రమ్ములు కొనడానికి వచ్చేవాళ్లు తమ బృందంలోని గిటారిస్టులను వెంటబెట్టుకొచ్చేవారు. వారిలో అప్పటికి ఇంకా పేరు రాని పీట్ టౌన్‌షెండ్, రిచీ బ్లాక్‌మోర్ వంటి కుర్రవాళ్లున్నారు. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ యాంప్లిఫయర్లు ఖరీదెక్కువనీ, పైగా తమ చెవిలో ఉన్న ధ్వని వాటిలో పలకడం లేదనీ వీరు చెప్పేవారు. దుకాణదారులు సాధారణంగా ఇలాంటి మాటలు విని ఊరుకుంటారు. మార్షల్ ఊరుకోలేదు. తన దగ్గర మరమ్మతులు చూసే కెన్ బ్రాన్‌నూ, డడ్లీ క్రేవెన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడినీ కూర్చోబెట్టి ఆ ధ్వని కోసం పని మొదలుపెట్టించారు.

ఫెండర్ వారి బాస్‌మన్ యాంప్లిఫయర్ సర్క్యూటునే వారు నమూనాగా తీసుకున్నారు. ఇందులో దాపరికం ఏమీ లేదు. కాని బ్రిటన్‌లో దొరికే ట్రాన్స్‌ఫార్మర్లు, వాల్వులు (సంకేతాన్ని పెంచే గాజు గొట్టాలు) వాడటం వల్లా, మొదటి దశలో సంకేతాన్ని ఇంకా ఎక్కువగా పెంచే వాల్వు పెట్టడం వల్లా, వెనుక భాగం పూర్తిగా మూసిన పెట్టెలో పన్నెండు అంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు నాలుగు బిగించడం వల్లా ధ్వని మారిపోయింది. వాల్యూమ్ పెంచేకొద్దీ స్వరం త్వరగా చిట్లి, గరుకుగా, నిండుగా వచ్చేది. మైకు సెట్టులో దీనిని మేము దోషమంటాము. గిటారిస్టులకు కావలసింది సరిగ్గా అదే. ఐదు నమూనాలు పక్కన పెట్టి ఆరోది విన్నాక, ఇదే తాను వెతికిన ధ్వని అని మార్షల్ అన్నారట. దానిని అమ్మకానికి పెట్టిన తొలి రోజే ఇరవై మూడు ఆర్డర్లు వచ్చాయని ఆ సంస్థ చరిత్రలో చెప్పుకుంటారు. సాక్సోఫోన్ వాయించే కొడుకు టెర్రీ పేరునూ తన పేరునూ కలిపి దానికి జె.టి.ఎం. 45 అని పేరు పెట్టారు. 1964లో హేస్‌లో కార్ఖానా తెరిచేనాటికి పదహారు మంది వారానికి ఇరవై యాంప్లిఫయర్లు చేసేవారు. ఆ తరువాత కార్ఖానా బ్లెచ్లీకి మారి అక్కడే స్థిరపడింది.

సంస్థకు పేరు తెచ్చిన ప్రతి వస్తువు వెనుకా ఒక వాయిద్యకారుడి ఇబ్బంది ఉంది. ఎరిక్ క్లాప్టన్‌కు కారు డిక్కీలో పట్టే యాంప్లిఫయర్ కావలసి వచ్చింది. యాంప్లిఫయర్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉన్న మార్షల్ కాంబో అలా వచ్చింది. టౌన్‌షెండ్‌కు ఇంకా పెద్ద శబ్దం కావాలి. ఆయన పట్టుబట్టగా ఎనిమిది స్పీకర్ల పెట్టె చేసి ఇచ్చారు. దానిని మోసే మనుషులు నడుములు పోతున్నాయని మొత్తుకుంటే రెండు ముక్కలు చేసి ఒకదానిపై ఒకటి నిలిపారు. రాక్ వేదికల మీద ఇప్పటికీ గోడలా నిలబడి కనిపించే ‘స్టాక్’ పుట్టుక ఇదే. 1966లో అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌ను మార్షల్ దగ్గరకు తీసుకొచ్చింది మిచ్ మిచెల్. ఆయన ఒకప్పుడు మార్షల్ దగ్గర డ్రమ్ములు నేర్చుకున్న శిష్యుడే. తనకేదీ ఉచితంగా వద్దనీ, ప్రపంచంలో ఎక్కడ పాడైనా బాగుచేసే ఏర్పాటు మాత్రం కావాలనీ హెండ్రిక్స్ అడిగారు. మరమ్మతు పని తెలిసినవాణ్ని కనుక ఈ కోరిక విలువ నాకు బాగా అర్థమవుతుంది.

ఇంత వేగంగా ఎదిగిన సంస్థకు గండి పడింది పంపిణీ దగ్గర. 1965లో రోజ్-మోరిస్ అనే సంస్థకు పదిహేనేళ్ల పాటు ప్రపంచమంతటా అమ్మే హక్కును మార్షల్ రాసిచ్చారు. చేతికి డబ్బు వచ్చింది, కార్ఖానా విస్తరించింది, కాని విదేశాలలో ధర బాగా పెరిగి, కొనవలసినవారిలో చాలామందికి ఆ యాంప్లిఫయర్లు అందకుండా పోయాయి. తొలినాళ్ల నుంచి తన సరుకు అమ్మిపెట్టిన పాత మిత్రుడికి కూడా సొంత పేరుతో అమ్మే వీలు లేక ‘పార్క్’ అనే మరో పేరుతో యాంప్లిఫయర్లు చేసి ఇవ్వవలసి వచ్చింది. తయారుచేసినవాడు తన పేరు మీద తన వస్తువు ఇచ్చుకోలేని స్థితి అది. ఒప్పందం గడువు తీరాక, 1981లో జె.సి.ఎం. 800 శ్రేణి వచ్చింది. ఆ అక్షరాలు జేమ్స్ చార్లెస్ మార్షల్ అన్న ఆయన పూర్తి పేరులోనివి. 1984లో ఎగుమతులకు బ్రిటిష్ రాణి పేరిట ఇచ్చే పురస్కారం కూడా ఆ సంస్థకు దక్కింది. వాయిద్యకారుడికీ తయారీదారుకూ మధ్య అడ్డు తొలగగానే ఆ సంస్థ మళ్లీ పుంజుకుందని నేను నమ్ముతున్నాను.

జిమ్ మార్షల్ 2012లో ఎనభై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూశారు. 2023లో ఆ సంస్థ, అంతకుముందు నుంచే మార్షల్ పేరుతో హెడ్‌ఫోన్లు చేస్తున్న స్వీడన్ సంస్థ జౌండ్‌తో కలిసిపోయింది. కుటుంబానికి అందులో సుమారు నాలుగో వంతు వాటా మిగిలింది. 2025లో మెజారిటీ వాటాను చైనా పెట్టుబడి సంస్థ హెచ్‌ఎస్‌జీ తీసుకుంటుందని ప్రకటించినప్పుడు మొత్తం సంస్థకు కట్టిన విలువ 110 కోట్ల యూరోలు. కుటుంబం చేయి దాటడం నాకు బాధ కలిగించిన మాట నిజమే.

మన దగ్గరకు వస్తే, మీటి వాయించే వాయిద్యానికి యాంప్లిఫయర్ ఎంత అవసరమో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. మాండొలిన్‌లో స్వరం పుట్టిన వెంటనే ఆరిపోతుంది, గమకం నిలవదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జంట తీగల బదులు ఐదు విడి తీగలతో ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని దానిమీద కర్ణాటక సంగీతాన్ని నిలబెట్టారు. వీణకూ ఇదే ఇబ్బంది ఉంది. కచేరీలలో వీణ పలక మీద చిన్న మైకును టేపుతో అతికించి, అది కూత పెడితే శబ్దం తగ్గించి, తగ్గిస్తే గమకం వినిపించక అవస్థపడిన విద్వాంసులను నేను వేదిక పక్కన కూర్చుని ఎన్నోసార్లు చూశాను. సభ ముగిశాక ఆ ఇబ్బందిని ఆ వీణ చేసినవారికి చెప్పేవారు ఎవరూ ఉండరు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తరతరాలుగా ఒకే పనస దుంగను తొలిచి ఏకాండ వీణలు చేస్తున్న సర్వసిద్ధి కుటుంబాల పనితనానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చేతులతోనే సన్మానాలలో ఇచ్చే బొమ్మ వీణలు కూడా చేస్తున్నారు. బొమ్మ వీణను అందుకున్నవారు అద్దాల బీరువాలో పెట్టుకుంటారు, దాని మెట్లు సరిగా లేవని ఫిర్యాదు చేయరు. ఆ ఫిర్యాదు చేయగలిగినవారు, 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో అంత దగ్గరలోనే ఉన్నారు. ఏడాదికి రెండుసార్లు కళాశాల అధ్యాపకులనూ విద్యార్థులనూ, వీణలు చేసేవారినీ, యాంప్లిఫయర్ల పని తెలిసిన ఒకరిద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, వాయించి వినిపించి, లోపాలు చెప్పించి, సరిచేసిన వీణను కళాశాలే నేరుగా కొనే ఏర్పాటును సాంస్కృతిక శాఖ చేయాలని కోరుతున్నాను. అటువంటి సమావేశం జరిగితే, పలక మీద మైకు ఎక్కడ బిగిస్తే కూత రాదో చూపించడానికి నా పనిముట్ల సంచితో సొంత ఖర్చు మీద రావడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం