పబ్లిక్ ఛార్జ్: యూఎస్‌సీఐఎస్ (అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ) డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

డైరెక్టర్ గారికి,

గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485లో పబ్లిక్ ఛార్జ్ (ముఖ్యంగా సర్కారు సాయం మీదే బతికే మనిషి అవుతారా అన్న) ప్రశ్నల దగ్గరే మా తెలుగు కుటుంబాల చేయి ఆగిపోతోంది. నగదు సాయం తీసుకున్నారా అన్న ప్రశ్నకు అవునంటే పథకం పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, డాలర్లు రాయాలి. అక్కడ చాలామంది ఇక్కడే పుట్టిన బిడ్డకున్న సర్కారు ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ను, గర్భిణులకు, పసిపిల్లలకు పోషకాహారం ఇచ్చే డబ్ల్యూఐసీ పథకం పాలూ గుడ్లనూ రాసేస్తున్నారు. అనవసరంగా!

2022 పబ్లిక్ ఛార్జ్ నియమం లెక్కించేవి రెండే: ఎస్ఎస్ఐ (పేద వృద్ధులకు, వికలాంగులకు), టీఏఎన్ఎఫ్ (పేద కుటుంబాలకు) లాంటి నెలవారీ నగదు సాయం, సర్కారు ఖర్చుతో సంస్థలో దీర్ఘకాల సంరక్షణ. స్నాప్ (ఆహార సాయం), చిప్ (పిల్లల ఆరోగ్య బీమా), బడి భోజనం అందులో లేవు. బిడ్డ పేరున వచ్చింది తల్లిదండ్రుల ఖాతాలో పడదు. స్పాన్సర్ తన పోషణ హామీ పత్రం ఐ-864లో చూపే, పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం వేరే సంగతి. రెండూ కలిపేసుకుని భయపడి గర్భిణులు సైతం డబ్ల్యూఐసీ మానేస్తున్నారు.

2025 నవంబరులో ఆ నియమాన్ని రద్దు చేస్తామని ప్రతిపాదించారు. మార్చేదైతే, పాత నియమాన్ని నమ్మి తీసుకున్న సాయాన్ని లెక్కలోకి తేకండి. 2019 నాటి పబ్లిక్ ఛార్జ్ నియమం కింద కొత్తగా చేర్చిన పథకాలను 2020 ఫిబ్రవరి 24కు ముందు వాడితే లెక్కించలేదు కదా. ఐ-485లోని నగదు సాయం ప్రశ్న పక్కనే ‘మీ పేరున వచ్చిన నగదు మాత్రమే’ అని తెలుగులోనూ ఒక వాక్యం వేయించండి.

ఇట్లు,
దరఖాస్తులు నింపడంలో సాయపడే తెలుగు వలంటీర్లు