వార్షిక నివేదిక: మాయమైన రివ్యూలు, ఈ ఏడాది మన వ్యాపారుల సంఘం పని

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవడం ఆనవాయితీ. అదొక్కటే కాదు, ఈ ఏడాది కొందరు సొంత షాపు మూసుకుని మరీ సంఘం పని చేశారు, ఆ సంగతి రికార్డులో ఉండాలి.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. వీధి దీపాల కోసం ఇచ్చిన అర్జీల్లో కొన్నింటికి ఫలితం వచ్చింది. డ్రైనేజీ మాత్రం అలాగే ఉంది. ఫైలు పైకి పంపామంటారు, ఎవరి దగ్గర ఉందని అడిగితే జవాబు ఉండదు, వానాకాలం మళ్లీ వచ్చేస్తోంది. చలివేంద్రం వేసవి అంతా నడిచింది, నీళ్ల క్యాన్లు ఇచ్చిన కిరాణా సభ్యులకు ధన్యవాదాలు.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది రివ్యూల అవగాహన సదస్సు. దసరా ముందు మన మిఠాయి షాపు సభ్యుడొకరు టెన్షన్‌గా వచ్చారు. నిజమైన కస్టమర్లు, ఏళ్లుగా వచ్చేవాళ్లు రాసిన రివ్యూలు ఆన్‌లైన్‌లో, అంటే గూగుల్‌లో కనిపించడం లేదు, ఎవరో పోటీవాళ్లు తీయించారని ఆయన అనుమానం. వాకబు చేస్తే టైలర్లకు, మొబైల్ రిపేర్ వాళ్లకు, కర్రీ పాయింట్ వాళ్లకు కూడా అదే బాధ. కొత్తగా ఊళ్లోకి వచ్చినవాళ్లు ఫోన్‌లో చూసే షాపు ఎంచుకుంటున్నారు, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అందుకే కల్యాణ మండపంలో ఆదివారం సదస్సు పెట్టాం, హాలు నిండింది.

అక్కడ తేలిందేమిటంటే, చాలాసార్లు తీసేది మనిషి కాదు, నకిలీ రివ్యూలను ఏరేసే గూగుల్ ఆటోమేటిక్ ఫిల్టర్. నిబంధనలకు విరుద్ధమైన రివ్యూలు 2023లో 17 కోట్లకు పైగా, 2024లో 24 కోట్లకు పైగా ఆపేశామని, తీసేశామని గూగుల్ ప్రకటించింది. అంత కలుపు తీసేటప్పుడు కాస్త నారు కూడా పోతుంది, పోయిన ఆ నారు మనలాంటి చిన్నవాళ్లది. ఫిల్టర్‌కు మన కస్టమర్ మంచివాడో కాదో తెలియదు. అది రాతను చూస్తుంది, రాసిన ఖాతాను చూస్తుంది, ఆ షాపుకు ఉన్నట్టుండి రివ్యూలు ఎక్కువయ్యాయా అని చూస్తుంది. నెలల తరబడి ఒక్కటీ రాని షాపుకు పండగ రోజు ఒకేసారి పాతిక వస్తే అనుమానం రాదా? మరి మనం చేసేది అదే కదా, పండగకు అందరినీ పట్టుకుని రాయించడం! పైగా రివ్యూ రాస్తే డిస్కౌంట్ అని బోర్డు పెట్టడం నిబంధనలకు విరుద్ధం. సంతోషంగా ఉన్నవాళ్లనే ఏరి అడగడం కూడా అంతే. సిబ్బంది, బంధువులు రాయకూడదు. రివ్యూలో ఫోన్ నంబరో లింకో పెట్టించడం కూడా మానేయండి.

ఇంకో సంగతి. ఆపేసిన రివ్యూ రాసినవాళ్ల ఫోన్‌లో మామూలుగానే కనిపించవచ్చు, అందుకే కస్టమర్ ‘నేను రాశానండీ’ అంటే అబద్ధం అనుకోవద్దు, వేరే ఖాతాలోంచి చూడండి. కస్టమర్ తన ఖాతా మూసేసినా రివ్యూ పోతుంది. మీ షాపుకు గూగుల్‌లో రెండు ప్రొఫైళ్లు, అంటే షాపు వివరాల పేజీలు, ఉంటే రివ్యూలు చెరో చోట చీలిపోతాయి. ఒక్కోసారి తప్పు ఎవరిదీ కాదు, 2025 ఫిబ్రవరిలో రివ్యూల సంఖ్య తగ్గి కనిపిస్తే అది డిస్‌ప్లే సమస్యేనని, రివ్యూలు తొలగించలేదని గూగుల్ చెప్పింది. అందుకే మంచి రివ్యూ రాగానే తేదీతో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, గూగుల్ సపోర్ట్‌కు రాసేటప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

మన దేశంలో దీనికి ఒక ప్రమాణం కూడా ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో తెచ్చిన ఐఎస్ 19000 రివ్యూల సేకరణ, పరిశీలన, ప్రచురణ ఎలా ఉండాలో చెబుతుంది. కానీ తెచ్చినప్పుడు పాటించడం స్వచ్ఛందంగానే ఉంచారు. నకిలీని పట్టడానికి ఇంత పట్టుదల ఉన్నప్పుడు, పొరపాటున పోయిన నిజమైన రివ్యూకు కారణం చెప్పే బాధ్యత కూడా ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఈ మేరకు వినతిపత్రం తయారు చేశాం, సంతకాలు పెట్టండి.

సదస్సుకు ప్రొజెక్టర్ ఇచ్చిన ఫొటో స్టూడియో సభ్యుడికి, టీ, టిఫిన్ చూసిన హోటల్ సభ్యులకు, ముసలి వ్యాపారుల పక్కన ఓపిగ్గా కూర్చుని ఫోన్‌లో ప్రొఫైళ్లు సరిచేసిన డిగ్రీ పిల్లలకు పేరుపేరునా కృతజ్ఞతలు. షాపు షాపుకూ తిరిగి సాయం చేస్తామని వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తినవాళ్లలో ఎక్కువమంది ఆ రోజు రాలేదు. బాధగా ఉంది, చెప్పకుండా ఉండలేను. పని అంతా నలుగురైదుగురి మీదే పడింది.

జమాఖర్చులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఆడిట్ అయింది, మిగులు కొద్దిగా ఉంది, చందా బాకీలు ఈ నెలలో కట్టేయండి.

వచ్చే ఏడాది ప్రతి నెలా మొదటి ఆదివారం సంఘం ఆఫీసులో రివ్యూల సహాయ కేంద్రం నడపాలని కార్యవర్గం తీర్మానించింది. దానికి మనుషులు కావాలి. నిజంగా రాగలిగేవాళ్లే ఈ సమావేశం ముగిసేలోపు పేర్లు ఇవ్వండి.

మీ కార్యదర్శి