సైకిల్‌కి పాత మూడు గేర్ల హబ్ ఉన్నవాళ్లకి

అందరికీ నమస్కారం. స్టర్మీ ఆర్చర్ కంపెనీ హబ్‌కి (వెనక చక్రం మధ్యలో గేర్లుండే భాగం) సామాను దొరకట్లేదంటున్నారు కదా, ముందు హబ్‌ని గుడ్డతో తుడిచి చూడండి. ఏడబ్ల్యూ అని ఉంటే దిగులక్కర్లేదు. 1936లో నాటింగ్‌హామ్‌లో మొదలైన మోడల్ అది. లోపలి సామాను ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు, ఇంకో పాత హబ్ విప్పి వాడుకున్నా చాలావరకు సరిపోతుంది. ఎస్‌డబ్ల్యూ అనే మోడల్ అయితే మాత్రం కష్టమే, ఏడబ్ల్యూ సామాను దానికి పట్టదు.

ఇరుసు కొనేముందు పాతదాని పొడవు కొలవండి, అన్నీ ఒకటి కాదు.

ఇంకోటి, రెండో గేర్‌లో పెడల్ ఉత్తినే తిరిగిపోతోందంటే హబ్ పోయినట్టు కాదండీ. చాలాసార్లు గేర్ కేబుల్ వదులే. రెండో గేర్‌లో ఉంచి కుడివైపు నట్టుకున్న కన్నంలోంచి చూడండి, సన్న గొలుసు తగిలించిన కడ్డీ గట్టు (దాని లావు భాగం ముగిసే చోటు) ఇరుసు చివరకి సమంగా ఉండాలి. అలా వచ్చేదాకా కేబుల్ బిగించండి. గేర్లకి పల్చటి నూనె చాలు, గ్రీజు కూరొద్దు.