వార్షిక నివేదిక: చికిత్సలో ఉన్న క్యాన్సర్ రోగుల సంరక్షణ

గౌరవ సభ్యులకు నమస్కారం.

క్యాన్సర్ చికిత్స కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి విశాఖపట్నం వచ్చి, వారాల తరబడి అద్దె గదుల్లో ఉండే పేద రోగులకు మన సంఘం చేస్తున్న సేవ ఈ సంవత్సరం కొంత దారి మార్చుకుంది. ఇంతకుముందు పండ్లు, దుప్పట్లు, మందుల డబ్బు ఇచ్చి వచ్చేవాళ్లం. గత సర్వసభ్య సమావేశ నిర్ణయం ప్రకారం ఈసారి, రోగి గదిలో ఉన్న రోజుల్లో ఆరోగ్యం దిగజారుతోందేమో వారం వారం గమనించి, ఆ సంగతి వైద్యుల చెవిన వేసే పనికి ప్రాధాన్యం ఇచ్చాం. పండ్ల పంపిణీ ఫొటోలు ఈ నివేదికలో కనిపించకపోవడానికి కారణం అదే.

చికిత్సలో ఎవరి ఆరోగ్యం దిగజారే ప్రమాదం ఎక్కువ అన్నది వయసునుబట్టి మాత్రమే తేలదు. డెబ్బై అయిదేళ్లు వచ్చినా రోజూ పొలం వెళ్లి వచ్చే రైతు కీమోను తట్టుకోవచ్చు. షుగరు, కిడ్నీ జబ్బు ఉండి, తోడెవరూ లేని యాభై ఏళ్ల మనిషి తట్టుకోలేకపోవచ్చు. వైద్యులు ఇందుకు కొన్ని కొలమానాలు వాడతారు. ఈకాగ్ పద్ధతిలో ఎప్పటిలా అన్ని పనులూ చేసుకునే రోగికి 0, మెలకువగా ఉన్న సమయంలో సగానికి మించి మంచానికో కుర్చీకో పరిమితమైతే 3, పూర్తిగా మంచాన పడితే 4 వేస్తారు. పెద్ద వయసువారి కోసం వచ్చిన జీ8 ప్రశ్నావళిలో 8 ప్రశ్నలు, 17 మార్కులు ఉంటాయి. 14 గాని అంతకు తక్కువ గాని వస్తే ఆ రోగిని మరింత వివరంగా పరీక్షించాలని అర్థం. తిండి తగ్గిందా, మూడు నెలల్లో బరువు ఎంత పడిపోయింది, ఇల్లు దాటి నడుస్తున్నారా, రోజుకు ఎన్ని రకాల మందులు వేసుకుంటున్నారు వంటివి ఆ ప్రశ్నలు.

మార్కులు వేయడం మన పని కాదు గనుక, ఆ ప్రశ్నల సారాన్ని మాత్రమే తీసుకొని ఒక పేజీ పట్టీ తయారుచేసుకున్నాం. మొదటి నెలలో అది బొత్తిగా పనికి రాలేదు. 'మీ ఈడువాళ్లతో పోలిస్తే మీ ఆరోగ్యం ఎలా ఉంది?' అని అడిగితే నూటికి తొంభై మంది 'బాగానే ఉంది బాబూ, దేవుడి దయ' అనేవారు. మన జనం పలకరించడానికి వచ్చిన మనిషి ముందు బాధ చెప్పుకోరు, అందులోనూ సాయం చేయడానికి వచ్చినవారి ముందు. అందుకని ప్రశ్నలు మార్చాం: నిన్న రాత్రి ఎన్ని ముద్దలు తిన్నారు, బాత్రూముకు గోడ పట్టుకొని వెళ్లారా, మెట్లు ఎన్నిసార్లు ఆగి ఎక్కారు. వీటికి నిజమైన జవాబులు వచ్చాయి.

అంగిలి క్యాన్సరుకు కరెంటు (రేడియేషన్ చికిత్స) పెట్టించుకుంటున్న ఒక మామ్మగారి సంగతి ఇక్కడ చెప్పాలి. చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లలో ఇప్పటికీ ఉంది. ఈ జబ్బుకు అది ప్రధాన కారణం. ఆవిడ ప్రతి వారమూ 'తింటున్నాను నాయనా' అనేది. నాలుగో వారం మన కార్యకర్త ఆవిడ చెయ్యి పట్టుకొని లేపుతుంటే, మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజులు జారి మోచేతి దాకా వచ్చాయి. బరువు చూస్తే చికిత్స మొదలైన రోజుకూ ఆనాటికీ నాలుగు కిలోల తేడా. నెలలో శరీర బరువులో 5 శాతం తగ్గడాన్నే వైద్యులు తీవ్రంగా చూస్తారు. మరునాడే ఆవిడకు ముక్కు ద్వారా ఆహారపు గొట్టం వేశారు. 'గొట్టం పెట్టారంటే ఇక అయిపోయినట్టే' అని ఆవిడ కొడుకు మొదట ఒప్పుకోలేదు. తల, మెడ భాగాలకు వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు కరెంటు పెడతారనీ, నోటిపూత తగ్గి మింగుడు పడేదాకానే ఆ గొట్టమనీ డైటీషియన్ ఓపికగా చెప్పాక ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి బరువు చూసే మిషను మన సంచిలో తప్పనిసరి వస్తువైంది.

తిండి విషయంలో నోటిపూత కన్నా పథ్యమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. వేడి చేస్తుందని గుడ్డు, చీము పడుతుందని పప్పు మాన్పించి, చారన్నం మీద ఉంచిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మనం వాదనకు దిగకుండా, డైటీషియన్ చేతనే మెత్తని ముద్దపప్పు, ఉడికించిన గుడ్డు, పాలు పోసిన రాగిజావ అని చీటీ మీద రాయించాం. ఆసుపత్రి చీటీకి ఉన్న విలువ మన మాటకు లేదు!

ఇక ఈ సంవత్సరం జరిగిన పొరపాటు ఒకటి సభ్యుల ముందు ఉంచడం మా బాధ్యత. మూడో కీమో అయిన పదో రోజు రాత్రి, ఒక పెద్దాయన ఒళ్లు వెచ్చబడిందని ఆయన భార్య ఫోన్ చేసింది. ఫోన్ తీసిన మన కార్యకర్త జ్వరం బిళ్ల ఒకటి వేసి పడుకోబెట్టమనీ, తెల్లారి వస్తాననీ చెప్పాడు. సాధారణ జ్వరానికి ఎవరైనా చెప్పే మాటే అది. కానీ చాలా రకాల కీమో తరువాత వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు ఇన్ఫెక్షన్ వచ్చినా చీము, ఎరుపు, దగ్గు వంటి గుర్తులు కనిపించకపోవచ్చు, జ్వరం ఒక్కటే హెచ్చరిక. బిళ్ల ఆ ఒక్క గుర్తునూ దాచేస్తుంది. తెల్లారేసరికి ఆయన బీపీ పడిపోయింది. ఆసుపత్రి క్యాజువాల్టీలో కీమో రోగి అని ముందుగా చెప్పకపోవడం వల్ల మరికొంత సేపు మామూలు వరుసలో కూర్చున్నారు. ఆయన చాలా రోజులు వార్డులో ఉండి కోలుకున్నారు గాని, అది మన జాగ్రత్త వల్ల కాదు.

తరువాత కార్యవర్గం ఒక వైద్యురాలిని పిలిపించి కార్యకర్తలందరికీ శిక్షణ ఇప్పించింది. కీమో తీసుకుంటున్న ప్రతి గదికీ థర్మామీటరు ఇచ్చాం. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడడం లెక్కలోకి రాదని చెప్పాం. 100.4 డిగ్రీలు తాకితే అర్ధరాత్రి అయినా ఆటో పిలవాలి, డాక్టరు చెప్పకుండా బిళ్ల వేయకూడదు, ఎందుకంటే ఆసుపత్రి చేరిన గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. ఆఖరి కీమో తేదీ, మందుల పేర్లు, వార్డు ఫోన్ నంబరు రాసిన పసుపు అట్టను ప్రతి ఫైలుకూ కుట్టించాం. క్యాజువాల్టీలో మొదట చూపించాల్సింది దాన్నే.

రోగి వెంట ఉండేవారి గురించి ఈ ఏడు అనుకున్నంత చేయలేకపోయాం. చికిత్స ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద గడిచినా, గది అద్దె, పోయిన కూలి వారి నెత్తిన పడుతున్నాయి. రైలు ప్రయాణానికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో క్యాన్సర్ రోగికి పూర్తిగా, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ ఉందని తెలియక డబ్బు పెట్టి టికెట్ కొన్నవాళ్లు కనిపించారు. ఫారాలు ఇప్పుడు మన దగ్గరే నింపి ఇస్తున్నాం. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

రాత్రి ఫోను బాధ్యతకు మంగళ, శనివారాలు ఇంకా ఖాళీగా ఉన్నాయి. శిక్షణ తీసుకొని ఆ రెండు రాత్రులు ఫోను దగ్గర ఉండగలిగిన సభ్యులు సమావేశం ముగిసేలోగా కార్యదర్శికి తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.